కానీ మాస్టారు రాయని వాక్యం

శుక్రవారం మధ్యాహ్నం రెండూ పదికి నేను స్టేషన్ మెట్లెక్కేసరికి మా మరిది అన్నం డబ్బా మూత పెడుతున్నాడు. ఈ కేసుకి ఇన్‌స్పెక్టర్ ఆయనే. ఇరవై ఆరేళ్లుగా నేను ఆయనకి వదినని, తొమ్మిదేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌ని. మొదటి వరసని కాదనడానికి లేదు కాబట్టి, కసంతా రెండోదాని మీద తీర్చుకుంటూ ఉంటాడు.

"రండి వదినా. మూడు రోజులు ఆలస్యంగా వచ్చారు," అన్నాడు.

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. ఈ కేసులో అరెస్టయిన దర్జీకి అక్కగారు మంగళవారమే నా ఆఫీసుకి వచ్చింది. లాయరు దగ్గర సంపాదించిన వాంగ్మూలం నకలు నా బల్ల మీద పెట్టింది. మొదటి వరుసలో "నేనే చంపాను" అని ఉంది. కింద ఏముందో చూడకుండానే, ఒప్పుకున్నాక చేసేదేముందమ్మా అని పంపించేశాను. గురువారం మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చున్న మనిషి లేవలేదు. అప్పుడు చదివాను మిగతాది. మొత్తం నాలుగే వాక్యాలు, ఎవర్ని చంపాడో వాటిలో ఎక్కడా లేదు. ఆ నాలుగు వాక్యాలు మంగళవారమే చదివి ఉంటే ఆ దర్జీ మూడు రోజులు తక్కువగా లాకప్‌లో ఉండేవాడు. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీద కోపం వస్తుంది.

పోలీసు కస్టడీ గడువు ఇవాళ్టితో సరి, ఐదింటికి అతన్ని మళ్లీ జడ్జి ముందు నిలబెడతారు. ఆ కాగితం అక్కడికి చేరిందంటే దాన్ని వెనక్కి తేవడం నా తరం కాదు.

చనిపోయింది కానీ మాస్టారు. కంప్యూటర్లు పరీక్షించి రాసే మనిషి. ఏ లాప్‌టాప్ అయినా ముప్పై రోజులు తన సొంత పనులకి వాడి, ఆ తర్వాతే తన వెబ్‌సైటులో దాని గురించి రాసేవారు. కంపెనీలు పంపినవి ముట్టుకునేవారు కాదు, దుకాణంలో అందరితోపాటు వరసలో నిలబడి కొనుక్కునేవారు. ముందంతా మెచ్చుకునేవారు. ఆఖరి పేరా మాత్రం ఎప్పుడూ "కానీ" అనే మాటతోనే మొదలయ్యేది. కొనేవాడికి నిజంగా కావలసిన సంగతి అందులో ఉండేది. జేబులో చిల్లి కానీ మిగలకపోయినా రాతలో కానీకి లోటు రానివ్వరని పాఠకులు ఆయన్ని ఆట పట్టించేవారు. అలా వచ్చింది ఆ పేరు.

"లెక్క చూసుకోండి," అన్నాడు మరిది, చెయ్యి తుడుచుకుంటూ. "సోమవారం పదీ పదిహేనుకి దర్జీ లోపలికెళ్లాడు. పదీ నలభైకి బయటికొచ్చాడు. వాచ్‌మన్ రిజిస్టర్లో ఉంది. మధ్యలో అరుపులు, కింది అంతస్తువాళ్లు విన్నారు. మాస్టారు ఆఖరిసారి టైపు చేసింది పదీ ముప్పై రెండుకి. ఆ మాట కంప్యూటరే చెప్తోంది. పదకొండూ పాతికకి కూతురు బయటినుంచొచ్చి చూస్తే తండ్రి నేల మీద, తల పక్కన ఇనప బల్ల. ఇంకేం కావాలి మీకు?"

"ఐదు నిమిషాలు. అతనితో."

"మూడు తీసుకోండి."

దర్జీ బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చొక్కా అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. నేను కాగితం అతని ముందు పెట్టాను. మరిది తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఇందులో నేనే చంపాను అని ఉంది. ఎవర్ని?"

అతను నా మొహంలోకి చూశాడు. ఇంత తెలిసిన సంగతి అడుగుతుందేమిటి అన్నట్టు.

"అదేంటమ్మా. మా ఆవిణ్ణి."

తలుపు దగ్గర మరిది బూటు కిర్రుమంది.

"ఆపరేషన్ అయ్యాక ఆర్నెల్లు మంచం దిగొద్దన్నారు దాన్ని," అన్నాడు దర్జీ. "కంప్యూటర్ కొందామన్నాను. షాపుకెళ్తే ఏవేవో అంకెలు చెప్పారు. స్పీడెంత, జ్ఞాపకశక్తి ఎంత, అంటూ. అవన్నీ మాకెందుకమ్మా. దానికి కావల్సింది ఒకటే. పడుకుని చూసుకోవాలి, వాళ్ల చెల్లెలి మొహం పెద్దగా కనిపించాలి. ఆ రెండూ ఉన్నాయా అంటే షాపులో ఎవరూ చెప్పలేదు. మాస్టారి పేజీలో పైనే మూడు లైన్లున్నాయి. మూడోది, పక్క మీద పెట్టుకున్నా వేడెక్కదు అని. దానికి చదివి వినిపించాను. ఇంకేం, ఇదే తెచ్చెయ్యి అంది."

"కింద ఇంకా రాసి ఉంది కదా?"

"చాలా ఉంది. చదవలేదమ్మా. ఆరోజు సాయంత్రానికి పద్నాలుగు యూనిఫారాలు ఇవ్వాలి. మాస్టారు చెప్పాక ఇంకేముంది అనుకున్నాను." దారం పుటుక్కున తెగింది. అతను ఆ ముక్కని జేబులో వేసుకున్నాడు. "మా ఆవిడ ఒకరోజు కంప్యూటర్ ఆపకుండానే నిద్రపోయింది. పరుపు అంటుకుంది. నేను నా కుట్టు షాపులో ఉన్నాను. అంతా అయిపోయాక, మొన్న ఆదివారం మళ్లీ ఆ పేజీ తీశాను. అట్టడుగున ఉందమ్మా కానీ. పక్క మీద, దిండు మీద పెట్టొద్దు, గాలాడే సందులు మూసుకుపోతే పావుగంటలో చెయ్యి పెట్టలేనంత కాలుతుంది అని. ఇంకొక్క నిమిషం చదివి ఉంటే మనిషి ఉండేది."

"మాస్టార్ని ఏం అడిగారు?"

"పైనొకటి కిందొకటి ఎందుకు రాశారండీ అని అడిగాను. అరిచాను కూడా. ఆయన ముందు నమ్మలేదు. తన పేజీ తనే సెల్‌లో తెరిచి పైన మూడు లైన్లు చదివారు. అలాగే కూలబడ్డారు కుర్చీలో. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, సాయంత్రం దాకా ఆగవయ్యా, అందరికీ చెప్తాను అన్నారు. సరేనని వచ్చేశాను. మధ్యాహ్నం పోలీసులొచ్చి చంపింది నువ్వేనా అన్నారు. ఆయన పోయారని అప్పటికి నాకు తెలీదు. అవును నేనే చంపాను అన్నాను."

మూడు నిమిషాలు అయిపోయాయి. వరండాలోకి వచ్చాక మరిది గొంతు తగ్గించాడు.

"కథ బాగుంది. కళ్లు కూడా తుడుచుకోమంటారా?"

"మీ కానిస్టేబుల్ ఎవర్ని అని అడగలేదు. అతను చెప్పలేదు. రెండు వేర్వేరు చావుల గురించి ఇద్దరూ ఒకే వాక్యం మాట్లాడుకున్నారు. దాన్ని మీరు ఫైల్లో పెట్టారు."

"మాస్టారి శవం వెచ్చగా ఉంటే ఎవర్ని అని అడుగుతూ కూర్చుంటామా? పదీ ముప్పై రెండు వదినా. ఆ నిమిషంలో టైపు ఆగిపోయింది. అప్పుడు లోపలున్నది దర్జీ ఒక్కడే. మనుషులు మాట మారుస్తారు. కంప్యూటర్ మార్చదు."

"అయితే దాన్నే అడుగుదాం పదండి," అన్నాను.

మాస్టారి గది తలుపు ఆయన కూతురు తీసింది. ముప్పై ఏళ్లుంటాయి. పెళ్లి చేసుకోలేదు, తండ్రి వెబ్‌సైటు పని అంతా ఆ పిల్లే చూస్తుంది. నిద్రలేని కళ్లు. మమ్మల్ని చూసి పక్కకి తప్పుకుంది, కూర్చోమని కూడా అనలేదు.

గది చిన్నదే, పొందిగ్గా ఉంది. గోడ వారగా మూడు అరలు, వాటిలో పద్దెనిమిది లాప్‌టాప్‌లు. ప్రతిదానికీ దారంతో కట్టిన చీటీ, దాని మీద ఎన్నో రోజు పరీక్షో అంకె. కిటికీ పక్కన వంటింట్లో వాడే తూకం. జ్వరం చూసే థర్మామీటరు ఒకటి, మోకాళ్ల మీద పెట్టుకుని చూడటానికి ఒక పీట, పక్క మీద పెట్టి చూడటానికి ఒక దిండు. దిండు గలీబు మీద గోధుమ రంగులో చదరపు మచ్చ ఉంది. ప్రతి లాప్‌టాప్ మీటల మీదా మన అక్షరాలు రాసిన చిన్న చిన్న కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. చేతి రాత ముత్యాల్లా ఉంది. పద్దెనిమిది కంప్యూటర్లకి కూర్చుని అంటించిన ఆ ఓపిక చూస్తే నాకు బాధనిపించింది.

మధ్యలో ఇనప బల్ల. దాని మూలన నల్లబడిన మరక. మరిది పోలీసు ఫొటో తీసి చూపించాడు. మాస్టారు బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్నారు. ఆయన టైపు చేస్తున్న లాప్‌టాప్ మూడడుగుల అవతల, రెండో అరలో, మూత వేసి ఉంది.

"పడిపోయిన మనిషి లేచి మూత వేసి అరలో పెట్టి మళ్లీ పడుకోడు," అన్నాను.

"దర్జీ పెట్టి ఉంటాడు."

"చంపినవాడు సర్దిపెట్టి వెళ్తాడా?"

"బట్టలు మడతపెట్టే అలవాటుంటే పెడతాడు," అన్నాడు మరిది. మాటకి మాట వెయ్యడంలో ఆయనకి లోటు లేదు.

నేను ఆ లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి తెరిచాను. చీటీ మీద 27 అని ఉంది. పక్కనే మాస్టారి నోటుబుక్కు. రోజుకో వరుస: బరువు, వేడి, బ్యాటరీ, గడియారం. గడియారం అన్న మాట దగ్గర నా వేలు ఆగింది.

"ఇదెందుకు రాసేవారు?" అని కూతుర్ని అడిగాను.

"మొదటిరోజు గోడ గడియారంతో సరిచేసి, ఆ తర్వాత నెట్ పెట్టేవారు కాదు ఆంటీ. నెట్ ఉంటే టైము అదే సరిచేసుకుంటుంది. నెట్ లేనివాళ్ల ఇంట్లో ఎలా ఉంటుందో చూడాలి కదా అనేవారు. నెలాఖరుకి ఎంత వెనకబడిందో రాసేవారు."

ఇరవై ఏడో వరుస ఆదివారం సాయంత్రానిది. అందులో నీలి సిరాతో ఇలా ఉంది: గడియారం ఇరవై నిమిషాలు వెనక. ఇది బాగు లేదు.

నేను నా చేతి గడియారం తెర పక్కన పెట్టాను. నాది రెండూ యాభై ఎనిమిది. దానిది రెండూ ముప్పై ఆరు.

"ఇప్పటికి ఇరవై రెండయింది," అన్నాను. "సోమవారం నాటికి ఇరవై అనుకోండి. మీ పదీ ముప్పై రెండు అసలు పదీ యాభై రెండు. దర్జీ గేటు దాటి వెళ్లిన పన్నెండు నిమిషాలకి కూడా మాస్టారు బతికే ఉన్నారు, టైపు చేస్తూనే ఉన్నారు."

మరిది నా చెయ్యి చూశాడు, తెర చూశాడు, తన సెల్ తీసి మళ్లీ చూశాడు. "మావాళ్లు దీన్ని పోల్చి చూడలేదు," అన్నాడు చివరికి. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమయిందో నాకు తెలుసు. గెలిచానన్న సంతోషం మాత్రం రాలేదు. మంగళవారం నేను కూడా ఒక కాగితం మీది మొదటి వరుసనే నమ్మాను కదా.

తెర మీద మాస్టారి ఆఖరి రాత ఉంది. "పైన ఉన్న మూడో వాక్యం నేనే రాశాను. తప్పు పూర్తిగా నాదే. నా మాట నమ్మి" అక్కడితో ఆగిపోయింది.

"చూశారా, ఆయనే ఒప్పుకున్నారు," అన్నాడు మరిది. "దర్జీకేమో నేను రాయలేదన్నట్టు కూలబడ్డారు, ఇక్కడేమో నేనే అంటున్నారు."

నేను కూతురి వైపు తిరిగాను. "పైన ఉన్న మూడు లైన్లు ఎవరు రాస్తారమ్మా?"

"నాన్నే. అంతా నాన్నే రాస్తారు. నేను పేజీలో పెడతానంతే."

ఆ పేజీ నా సెల్‌లో తెరిచాను. మూడో వాక్యం పెద్దది చేసి ఇద్దరికీ చూపించాను. దర్జీ చదివినట్టు, దాన్ని చదివిన అందరూ చదివినట్టు, నేను కూడా మొదటిసారి అది వేడెక్కదు అనే చదివాను. తెర మీద ఉన్నది వేరు. "పక్క మీద పెట్టుకున్నా వేదెక్కదు."

"డ బదులు ద పడింది. అచ్చుతప్పు. అయితే ఏంటి?" అన్నాడు మరిది.

"డిటెక్టివ్‌ని కాకముందు నేను నడిపిన టైపు స్కూల్లో మీరు మూడు నెలలు కూర్చున్నారు. నేర్చుకుని ఉంటే ఈ ప్రశ్న అడిగేవాళ్లు కాదు." ఆయన మొహం ముడుచుకున్నాడు. నేను మాస్టారి మీటలు చూపించాను. "ఇదిగో ద. ఇదిగో డ. మధ్యలో జ ఉంది. మాస్టారి వేలు జారితే వేజెక్కదు అని పడాలి. వేదెక్కదు అని పడదు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కి మన అక్షరాలు తెప్పించుకునేవాళ్లకి మాత్రం ద, డ రెండూ ఒకే మీట. షిఫ్టు కలిపితే డ, మర్చిపోతే ద. ఈ వాక్యం ఈ గదిలో ఉన్న ఏ కంప్యూటర్ మీదా రాసింది కాదు." తలుపులోంచి పక్క గదిలో కూతురి కంప్యూటర్ కనిపిస్తూనే ఉంది. దాని మీటల మీద కాగితం ముక్కలు లేవు. "మాస్టారు తాను రాయని వాక్యాన్ని నేనే రాశాను అంటున్నారు. ముప్పై రోజులు చూడనిదే ఏ మాటా రాయని మనిషి. ఆయన చేత అబద్ధం రాయించగలిగేవాళ్లు ఎవరుంటారమ్మా?"

ఆ పిల్ల గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు.

"జనానికి కావల్సింది అదే ఆంటీ," అంది. "నాన్న నాలుగు పేజీలు రాస్తారు. ఎవరూ కిందదాకా రారు. కొనాలా వద్దా, అంతే అడుగుతారు. రెండేళ్ల నుంచి పై మూడు లైన్లు నేనే పెడుతున్నాను. నాన్న ఆ పేజీ తెరిచి చూసుకునేవారు కాదు. నేను రాసింది నాకు తెలుసు కదే అనేవారు."

"ఇందులో తప్పెలా వచ్చింది?"

"ఇంకో సైటువాళ్లు ముందే పెట్టేస్తారని ఇరవయ్యో రోజునే నా మూడు లైన్లు పెట్టేశాను. అప్పటికి నోటుబుక్కులో పన్నెండో రోజు దగ్గర, పక్క మీద పెట్టి చూశాను వేడెక్కలేదు అని ఉంది. దిండు మీద పెట్టి చూసింది ఇరవై ఆరో రోజున. అప్పుడు కాలింది. నాన్న కానీ పేరా రాసిచ్చాక తీసుకెళ్లి కింద అతికించాను. పైన మార్చాలని గుర్తు రాలేదు. పది రోజులు ఆగలేకపోయాను."

మరిది మెల్లగా అడిగాడు. "సోమవారం నువ్వు బయటికెళ్లలేదు."

"లేదు సార్. రిజిస్టర్లో బయటివాళ్లనే రాసుకుంటారు, ఇంట్లోవాళ్లని రాయరు. పక్క గదిలోనే ఉన్నాను. ఆయన అరుస్తుంటే వింటూనే ఉన్నాను. వెళ్లాక నాన్న నన్ను పిలిచారు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నేనే రాశానని రాస్తున్నాను, నువ్వు నోరెత్తకు అన్నారు. వద్దు నాన్నా, నా పేరే రాయండి అన్నాను. వినలేదు. ఒక ప్రాణం పోయింది, అది నీ నెత్తిన ఎందుకు అన్నారు. కంప్యూటర్ లాక్కున్నాను. ఆయన లేచారు. చార్జర్ వైరు కాలికి చుట్టుకుంది." అరచేతులు రెండూ చూసుకుంది. "కంప్యూటర్ నా చేతిలోనే ఉండిపోయింది. మూత వేసి అరలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలీదు. పని అయిపోగానే అలా పెట్టడం చిన్నప్పట్నుంచీ అలవాటు."

"మరి మాకెందుకు చెప్పలేదు?"

"అరగంటకి తేరుకుని, చెప్దామనే ఫోన్ చేశాను సార్. మీరొచ్చి, అప్పుడే వెళ్లినవాడి పేరు రిజిస్టర్లో ఉంది అన్నారు. నేను అప్పుడే బయటినుంచి వచ్చానని అనేశాను. మధ్యాహ్నానికల్లా ఒప్పుకున్నాడన్నారు. నాకు నోరు రాలేదు. రేపు చెప్దాం అనుకున్నాను. ప్రతిరోజూ అదే అనుకున్నాను."

ఇది హత్య కాదని నాకు తెలుసు, మరిదికీ తెలుసు. తండ్రి కూతుర్ని కాపాడదామనుకున్నాడు, కూతురు తండ్రి పరువు కాపాడదామనుకుంది, ఆ పెనుగులాటలో ఆయన పోయారు. ఆ తర్వాత ఆమె నోరు మూసుకున్న నాలుగు రోజులూ మాత్రం ఇంకొకరి మెడకి చుట్టుకున్నాయి. నాకు ఆ పిల్ల మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. రెండింట్లో ఏది ఎక్కువో చెప్పలేను.

మూడూ నలభైకి మరిది స్టేషన్‌కి ఫోన్ చేసి దర్జీ కాగితాలు జడ్జి దగ్గరికి పంపొద్దని చెప్పాడు. ఆయన గొంతు ఎప్పుడూ ఉండేలా లేదు. ఫోన్ పెట్టేసి, "నడువమ్మా," అన్నాడు కూతురితో.

ఆమె లేవలేదు. "వస్తాను సార్. ముందు ఆ లైను తీసెయ్యనివ్వండి. సోమవారమే అడిగాను మిమ్మల్ని."

మరిది మొహంలో రంగు మారడం చూశాను. "ఏ లైను?" అన్నాను నేను.

"సైటు సీలు చేయించాను వదినా," అన్నాడు నేల చూస్తూ. "సాక్ష్యం కదా. పాఠకులు చదువుకోవచ్చు, కింద రాసుకోవచ్చు, పేజీని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదన్నాను."

నేను సెల్ మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. పేజీ అలాగే ఉంది, మూడో వాక్యంతో సహా. చదివినవాళ్ల సంఖ్య పక్కనే కనిపిస్తోంది. పోయిన వారం పన్నెండు వందలుండేదట. మాస్టారు పోయారన్న వార్త పత్రికల్లో వచ్చాక, ఇప్పుడు నలభై ఒక్క వేలు. అడుగున పాఠకులు రాసిన సంతాపాలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. అన్నిటికన్నా తాజాది పైకి వచ్చింది. రాసినవాళ్ల అసలు పేరు లేదు, చిరునామా లేదు, వానచినుకు అని మాత్రం పెట్టుకున్నారు.

"మాస్టారు లేరంటే నమ్మలేకపోతున్నాం. ఆయన మాట మీదే ఇవాళ ఇది కొన్నాం. అమ్మ మంచం మీద పెట్టుకుని సినిమా చూస్తూ నిద్రపోయింది. చాలా రోజులకి హాయిగా పడుకుంది."

దాని కింద, తొమ్మిది నిమిషాల క్రితం అని ఉంది.

కూతురు అది నా భుజం మీంచి చదివి పక్క గదిలోకి పరిగెత్తింది. మరిది సెల్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏ నంబరుకి చెయ్యాలో తెలియక, దాన్ని అలాగే పట్టుకుని నా వైపు చూశాడు.